యూరిన్ కారుతోంది అంటే మూత్రాశయం ఖాళీ అవుతోందని కాదు

సూర్యాపేట జిల్లా నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. ఊరు, పేర్లు తీసేసి కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా ఆయనకు 34 ఏళ్లు, గీత పని. పదకొండు నెలల కింద మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డారు. వెన్నులో డి8 (ఛాతీ వెనక ఎనిమిదో పూస) దగ్గర దెబ్బ తగిలింది, ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. చేతులు బాగానే ఉన్నాయి, పొట్ట కింది నుంచి స్పర్శ లేదు, కాళ్లు కదలవు. మొదటి మూడు నెలలు యూరిన్ పైపు లోపలే ఉంది. తర్వాత అది తీసేసి, రోజుకు ఐదుసార్లు సన్న పైపు వేసి యూరిన్ తీసేయమని నేర్పించి పంపారు. రెండు నెలలు అలాగే చేశాం. తర్వాత దానంతట అదే రావడం మొదలైంది. బట్టలు మారుస్తూ తొడ ముట్టుకుంటే కాళ్లు ఎగిరిపడతాయి, యూరిన్ చిమ్ముతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ వస్తుంది. నరాలు బాగవుతున్నాయని మా అత్తమ్మ సంబరపడింది. పైపు మానేసి, కండోమ్ లాంటిది తొడిగి బ్యాగ్ పెడుతున్నాం. తడుస్తానని ఆయన నీళ్లు తాగడం తగ్గించేశారు. పోయిన వారం జ్వరం వస్తే స్కాన్ తీయించాం, రెండు కిడ్నీల్లో కొద్దిగా వాపు ఉందన్నారు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) 0.7 ఉంది కాబట్టి భయం లేదన్నారు. దెబ్బ తగిలింది వెన్నుకైతే యూరిన్‌కి ఏమిటి సంబంధం? నరాలు బాగవుతున్నట్టేనా? పైపు వేస్తే ఇన్ఫెక్షన్ వస్తుందంటున్నారు, మళ్లీ వేయాలా? ఆయనకు ఎప్పటికైనా మామూలుగా వస్తుందా?"

అమ్మా, ముందు ఇవాళ చేయాల్సింది చెప్తాను, ఎందుకో తర్వాత చెప్తాను. సన్న పైపు మళ్లీ మొదలుపెట్టండి, ఇవాళే. జ్వరం, చలి ఇంకా ఉంటే మాత్రం ఇది చదవడం పక్కన పెట్టి యూరాలజిస్టు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఎందుకంటే కిడ్నీ వాపు, జ్వరం కలిసి ఉన్నప్పుడు ఇంట్లో చూద్దాంలే అని ఆగకూడదు. జ్వరం పూర్తిగా తగ్గిపోయి ఉంటే ఈ వారంలో వెళ్లండి, అంతే తేడా. యూరిన్ దానంతట అదే వస్తోంది కదా అని మీ ఇంట్లో అందరూ ధైర్యపడ్డారు, కానీ అది వస్తున్న తీరే నన్ను కంగారు పెడుతోంది.

"చిమ్ముతుంది, మధ్యలో ఆగుతుంది, మళ్లీ వస్తుంది" అని రాశారు చూడండి, అసలు సంగతంతా ఆ ముక్కలోనే ఉంది. అది అర్థం కావాలంటే మామూలు మనిషికి యూరిన్ ఎలా ఆగుతుందో, ఎలా వస్తుందో కాస్త తెలియాలి.

కిడ్నీలు నిమిషానికి ఒకటి రెండు మిల్లీలీటర్ల చొప్పున రాత్రీ పగలూ యూరిన్ తయారుచేస్తూనే ఉంటాయి. అది రెండు సన్నని నాళాల గుండా మూత్రాశయంలోకి దిగుతుంది. మూత్రాశయం అంటే కండరంతో తయారైన సంచి, పెద్దవాళ్లలో 400 నుంచి 500 మిల్లీలీటర్లు పడుతుంది. దాని గొప్పతనం ఏమిటంటే, నిండుతున్నకొద్దీ సాగుతూ సర్దుకుంటుంది, లోపల ఒత్తిడి దాదాపుగా పెరగదు. సంచి కింద యూరిన్ దారిని బిగించి పట్టుకునే కండరం ఒకటి ఉంటుంది. నిండేటప్పుడు సంచి వదులుగా, కింది కండరం బిగువుగా ఉండాలి. పోసేటప్పుడు దీనికి పూర్తిగా తలకిందులు, ముందు కింది కండరం వదలాలి, ఆ వెంటనే సంచి గట్టిగా నొక్కాలి. రోజుకు ఆరేడుసార్లు మనం ఏ ఆలోచనా లేకుండా చేసేస్తున్న పని ఇది, కానీ దీని కోసం మెదడు నుంచి వెన్నుపాము చివరిదాకా కబుర్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటాయి.

అన్నిటికంటే కింద, వెన్నుపాము చివర ఎస్2, ఎస్3, ఎస్4 అనే భాగాలున్నాయి. సంచిని నొక్కించే నరాలు, కింది కండరాన్ని బిగించే నరాలు రెండూ అక్కడి నుంచే బయల్దేరతాయి. వెన్నుపాము వెన్నెముక చివరిదాకా ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్దవాళ్లలో అది నడుము పైభాగంలో, ఎల్1, ఎల్2 పూసల దగ్గరే అయిపోతుంది, కాబట్టి ఈ ఎస్ భాగాలు ఉండేది పిరుదుల దగ్గర కాదు, డి12, ఎల్1 పూసల వెనకాల. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, చెట్టు మీద నుంచి పడిన ఇద్దరిలో ఒకరికి ఎల్1 పూస, ఇంకొకరికి మీ ఆయనలాగా డి8 పూస విరిగాయనుకోండి, ఇద్దరికీ కాళ్లు పడిపోవచ్చు, కానీ ఇద్దరి మూత్రాశయాలకూ పోలికే ఉండదు. మొదటి మనిషిలో ఎస్ భాగాల్లో ఉన్న ఆ కింది కేంద్రమే దెబ్బతింటుంది, దాంతో సంచి వదులైపోయి నొక్కడమే మానేస్తుంది. మీ ఆయనలో ఆ కేంద్రం బాగానే ఉంది, దానికి పైనుంచి రావాల్సిన ఆజ్ఞ తెగిపోయింది. అందుకే "ఫలానా ఆయనకు కూడా వెన్ను దెబ్బే, ఆయన ఇలా చేశాడు" అని చుట్టాలు చెప్పే సలహాలు మీకు పనికిరావు.

ఎస్ భాగాలకు కొంచెం పైన, డి11 నుంచి ఎల్2 దాకా ఉన్న భాగాల నరాలు, నిండే సమయంలో సంచిని వదులుగా ఉంచి దాని మెడను మూసి పెడతాయి. ఇక మెదడు సంగతి. మెదడు కింది భాగంలో పాన్స్ అని ఒక చోటు ఉంది, యూరిన్ పోసే పనిని నడిపే కేంద్రం అక్కడే ఉందని 1925లో బారింగ్టన్ అనే బ్రిటిష్ వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. సంచి నొక్కే సమయానికి కింది కండరం వదిలి ఉండేలా రెండింటినీ కలిపి నడిపించేది ఈ కేంద్రమే. దానికీ పైన, నుదురు వెనక ఉన్న మెదడు భాగం "ఇప్పుడు కాదు" అని ఆపే పని చేస్తుంది. సంచిలో 150, 200 మిల్లీలీటర్లు చేరగానే మొదటి కబురు పైకి వెళ్తుంది, మనం బస్సులో ఉంటే దిగాక చూద్దాంలే అని మర్చిపోగలుగుతాం, ఇంకాస్త నిండాక మళ్లీ గట్టిగా కబురొస్తుంది. చంటిపిల్లలకు ఈ ఆపే భాగం ఇంకా తయారవ్వదు, అందుకే నిండగానే పోసేస్తారు, మూడు నాలుగేళ్లకు గానీ పట్టు రాదు.

ఇక్కడ ఒక మాట, ఇది మీ కోసం కాదు, ఇంట్లో పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లున్న పాఠకుల కోసం. పక్షవాతంలో సాధారణంగా దెబ్బ తగిలేది పైనున్న ఆపే భాగానికి, పాన్స్‌కి కాదు. అందువల్ల వాళ్లకు ఆపుకోలేకపోవడం ఉంటుంది, బాత్రూమ్ దాకా వెళ్లేలోపే అయిపోతుంది, కానీ వచ్చినప్పుడు సాఫీగా వస్తుంది, కిడ్నీలకు సాధారణంగా ముప్పు ఉండదు. వెన్నుపాము దెబ్బ అలాంటిది కాదు. రెండింటికీ ఒకే సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు మీ ఆయన దగ్గరికి వద్దాం. డి8 దగ్గర వెన్నుపాము దెబ్బతినడంతో సంచి నిండిందన్న కబురు మెదడుకు చేరడం లేదు, పాన్స్ నుంచి ఆజ్ఞ కిందికి దిగడం లేదు. దెబ్బ తగిలిన కొత్తల్లో కింది కేంద్రం కూడా మొద్దుబారిపోతుంది, దాన్ని స్పైనల్ షాక్ అంటారు, కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల దాకా ఉండొచ్చు. ఆ రోజుల్లో సంచి అసలు నొక్కదు కాబట్టే పైపు లోపలే ఉంచారు. ఆ షాక్ తీరాక కింది కేంద్రం మేలుకుంటుంది, కానీ మెదడు అదుపు లేకుండా సొంతంగా పనిచేయడం మొదలుపెడుతుంది. మామూలు మనిషిలో పెద్దగా పనిలేకుండా పడి ఉండే కొన్ని సన్నని నరాల పోగులు చురుకై, సంచి కాస్త సాగినా, తొడ ముట్టుకున్నా, దుప్పటి లాగినా వెన్నుపాము కింది భాగాన్ని రెచ్చగొడతాయి. కాళ్లు ఎగిరిపడేదీ అందుకే, యూరిన్ చిమ్మేదీ అందుకే. మోకాలి చిప్ప కింద సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది చూడండి, అలాంటి ప్రతిచర్యే ఇది, ఆయన ప్రమేయం ఇందులో ఏమీ లేదు.

కాబట్టి మీ అత్తమ్మగారి ఆశ నాకు అర్థమైంది, కానీ ఇది నరాలు అతుక్కున్నందుకు గుర్తు కాదు. నిజంగా మార్పు వస్తే ఎలా తెలుస్తుందంటే, మలద్వారం చుట్టూ చర్మం మీద దూది తాకితే ఆయనకు తెలుస్తుంది, డాక్టరు వేలు పెట్టి బిగించమన్నప్పుడు తన ఇష్టంతో బిగించగలుగుతారు. ఆ రెండు పరీక్షలూ చేసి చెప్పమని డాక్టర్ని అడగండి.

అసలు ప్రమాదం ఇక్కడుంది. పాన్స్ అజమాయిషీ లేదు కాబట్టి సంచి నొక్కిన క్షణంలోనే కింది కండరం కూడా బిగుసుకుంటుంది. వదలాల్సిన సమయంలో బిగుసుకోవడం, అందుకే మధ్యలో ఆగడం, మళ్లీ రావడం. బోరు మోటారు ఆన్ చేసి గేట్‌వాల్వు కట్టేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి? పైపు లోపల ఒత్తిడి పెరిగి బలహీనంగా ఉన్న అతుకు దగ్గర చిమ్ముతుంది. మీ ఆయన శరీరంలో ఆ ఒత్తిడంతా వెనక్కి, కిడ్నీల వైపు తిరుగుతుంది. పై నాళాలు యూరిన్‌ని చాలా తక్కువ బలంతో మెల్లగా కిందికి నెడతాయి, సంచిలో ఒత్తిడి 40 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడిని దాటిపోతే వాటి శక్తి చాలదు, యూరిన్ పైనే నిలిచిపోతుంది, ఒక్కోసారి వెనక్కి ఎగదన్నుతుంది. దాన్నే స్కాన్‌లో వాపు అన్నారు. ఇలా నెలల తరబడి సాగితే సంచి గోడ కూడా మందమై, బిరుసెక్కి సాగే గుణం పోగొట్టుకుంటుంది, అప్పుడు కొంచెం యూరిన్‌కే ఒత్తిడి పెరిగిపోతుంది. నొప్పి తెలియదు, మంట తెలియదు, మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. బయటికి కారుతున్నది చూసి అంతా పోతోంది అనుకుంటాం, అది సంచి నొక్కినప్పుడు బిగిసిన కండరాన్ని దాటి బయటపడిన కొంత మాత్రమే.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఆయనకు యూరిన్ బాగా వచ్చి ఆగిపోయిందని మీకు అనిపించిన వెంటనే, పది నిమిషాల్లోపు, సన్న పైపు వేసి ఎంత వస్తుందో కొలగిన్నెలో కొలవండి. 200, 300 మిల్లీలీటర్లు వచ్చిందంటే ఆ యూరిన్ అంతా "వచ్చేసింది" అని మీరు అనుకున్న తర్వాత కూడా లోపల మిగిలిపోయిందే. ఆ గిన్నె అత్తమ్మగారికి చూపించండి, మీరూ నేనూ చెప్పే వంద మాటల కంటే ఆవిడకు అది తొందరగా అర్థమవుతుంది. ఒకవేళ కొంచెమే వచ్చినా నిశ్చింతగా ఉండొద్దు, మిగిలింది తక్కువే అయినా నొక్కే సమయంలో ఒత్తిడి ఎక్కువ ఉండొచ్చు, మీకు కిడ్నీ వాపు రిపోర్టు చేతిలో ఉంది కదా.

క్రియాటినిన్ 0.7 అని ఊరట పడకండి. క్రియాటినిన్ వచ్చేది కండరం నుంచి. కాళ్ల కండ కరిగిపోయిన మనిషిలో అది మామూలుగానే తక్కువ ఉంటుంది, అందుచేత కిడ్నీ కొంత దెబ్బతిన్నా రిపోర్టులో నార్మల్ అనే కనిపిస్తుంది. సిస్టాటిన్ సి అనే ఇంకో రక్తపరీక్ష ఉంది, దానికి కండరంతో పెద్దగా సంబంధం లేదు, ఖర్చు ఎక్కువే గానీ ఒకసారి చేయించడం మంచిది. ఇంకో సంగతి, స్కాన్‌కి వెళ్లేటప్పుడు నీళ్లు తాగించి సంచి నింపుకొని రమ్మంటారు, బాగా నిండి ఉన్నప్పుడు తీస్తే కొద్దిపాటి వాపు కనబడొచ్చు. కాబట్టి పైపు వేసి పూర్తిగా ఖాళీ చేశాక మళ్లీ కిడ్నీలు చూడమని అడగండి. ఖాళీ చేశాక వాపు తగ్గితే పైపు సరిగ్గా వేస్తే కిడ్నీలు కాపాడుకోవచ్చనడానికి అదే రుజువు. తగ్గకపోతే ఆలస్యం చేయకూడదు.

పైపు వేస్తే ఇన్ఫెక్షన్ వస్తుందన్న భయం గురించి కొంచెం పాత చరిత్ర చెప్పాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను దెబ్బతిన్న సైనికుల్లో చాలామంది వారాల్లో, నెలల్లోనే చనిపోయారు, వెన్ను దెబ్బ వల్ల కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల, పడక పుండ్ల వల్ల. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్ను దెబ్బల వార్డు మొదలుపెట్టిన లుడ్విగ్ గుట్‌మన్ పైపు లోపలే వదిలేయకుండా, ఎంతో శుభ్రత పాటిస్తూ, వేళకు వేసి తీసేసే పద్ధతి పట్టుదలగా నడిపించాడు. పారాలింపిక్స్‌కి పునాది వేసిందీ ఆయనే. తర్వాత 1972లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జాక్ లాపిడెస్ ఇంకో అడుగు వేశాడు. ఆపరేషన్ థియేటర్ అంత శుభ్రత అక్కర్లేదు, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలు, రోగి తన ఇంట్లో తానే వేసుకోవచ్చు అన్నాడు. ఆయన వాదన చాలా సూటిగా ఉంటుంది. సంచి ఉబ్బిపోతే దాని గోడకు రక్తం సరిగ్గా అందదు, అప్పుడే క్రిములు పాతుకుంటాయి, వేళకు ఖాళీ చేస్తుంటే కాసిన్ని క్రిములు లోపలికి వెళ్లినా శరీరం చూసుకుంటుంది. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు, ఇప్పుడు ప్రపంచమంతా అదే మొదటి పద్ధతి. అంటే పైపు మానేయడం వల్లనే మీకు ఇన్ఫెక్షన్ రావడానికి దారి ఏర్పడింది.

చేతులు బాగున్నాయి కాబట్టి ఆయనే వేసుకోవాలి, మీరు కాదు. ఇది గట్టిగా చెప్తున్నాను. మీరు వేస్తూ ఉంటే మీరు పొలానికి వెళ్లిన రోజు, పుట్టింటికి వెళ్లిన రోజు ఆయన సంచి ఉబ్బిపోతుంది. తన పని తాను చేసుకుంటున్నానన్న ధైర్యం కూడా ఆయనకు చాలా అవసరం ఇప్పుడు. డిశ్చార్జి రోజు హడావిడిలో ఒకసారి చూపించింది ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, మళ్లీ ఆస్పత్రికి వెళ్లినప్పుడు నర్సు ముందు ఆయన చేత చేయించండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముందు చర్మం వెనక్కి లాగి కడగాలి, పైపుకు జెల్లీ ధారాళంగా రాయాలి, కక్కుర్తి పడకూడదు. అంగాన్ని పొట్ట వైపుకు నిటారుగా ఎత్తి పట్టుకుంటే లోపలి వంపు సరళమవుతుంది. పైపు కొంత దూరం వెళ్లాక ఆగుతుంది, అదే బిగించే కండరం. అక్కడ చాలామంది కంగారుపడి బలంగా తోస్తారు, గాయమై రక్తం వస్తుంది. తోయొద్దు, పైపు అలాగే ఆనించి పట్టుకుని నిదానంగా ఊపిరి తీసుకుంటూ కొద్దిసేపు ఆగితే కండరం దానంతట అదే వదులుతుంది, పైపు జారుకుంటుంది. యూరిన్ రావడం మొదలయ్యాక ఇంకో అంగుళం లోపలికి పంపాలి. ధార ఆగాక ఒకేసారి లాగేయకూడదు, కొంచెం కొంచెంగా తీస్తూ మళ్లీ చుక్కలు వస్తే అక్కడ ఆగాలి, అడుగున ఉన్న యూరిన్ అలాగే వస్తుంది. చివరగా వెనక్కి లాగిన చర్మాన్ని తప్పకుండా ముందుకు తేవాలి, మరిచిపోతే అక్కడ వాచి బిగుసుకుపోతుంది, స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియదు.

ప్రతిసారీ కొత్త పైపు వాడగలిగితే మంచిది. స్తోమత లేక కడిగి వాడుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, అలాగైతే బయటా లోపలా సబ్బు నీళ్లతో, తర్వాత మంచి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి, గరుకుదేరినా పగుళ్లు వచ్చినా పారేయండి. ఎన్నిసార్లు వాడొచ్చో మీ డాక్టరుతో మాట్లాడుకోండి. డెట్టాల్ నీళ్లలోంచి తీసి తడితో అలాగే ఎక్కించొద్దు, లోపల పొర మండిపోతుంది.

ఎన్నిసార్లు వేయాలన్నది అంకె చూసి కాదు, గిన్నె చూసి తేల్చుకోవాలి. మూడు రోజులు ఒక నోటుబుక్కులో టైము, తాగిన నీళ్లు, పైపులో వచ్చిన యూరిన్, మధ్యలో తడిశారా లేదా రాయండి. పైపు వేసిన ఏ ఒక్కసారీ 400 మిల్లీలీటర్లు దాటకూడదు. ఉదయం ఆరు గంటలకు 700 వచ్చిందంటే రాత్రి మధ్యలో ఒకసారి లేవాల్సిందే, లేదా సాయంత్రం అలవాట్లు మార్చాలి. పగలంతా కుర్చీలో కాళ్లు వేలాడేసి కూర్చున్నవాళ్లకు పాదాల్లో నీరు దిగుతుంది, పడుకోగానే ఆ నీరంతా రక్తంలో కలిసి రాత్రిపూట యూరిన్‌గా వస్తుంది. అందుకే సాయంత్రం ఒక గంట కాళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుని, ఆ నీరు యూరిన్‌గా వచ్చాక నిద్రకు ముందు పైపు వేసుకుంటే రాత్రి భారం తగ్గుతుంది. నీళ్లు మాత్రం తగ్గించొద్దు అమ్మా. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలం ఇంకొంచెం, ఒకేసారి చెంబుడు తాగకుండా గంట గంటకు గ్లాసు చొప్పున, రాత్రి ఏడు తర్వాత తగ్గించి. నీళ్లు మానేస్తే యూరిన్ చిక్కబడి రాళ్లు పడతాయి, మలబద్ధకం వస్తుంది, పేగు నిండి ఉంటే అది సంచిని నొక్కి ఇంకా కారుతుంది. కల్లు తాగిన రోజు యూరిన్ తొందరగా నిండుతుంది, ఆ రోజు పైపు కూడా ముందుగా వేసుకోవాలి.

పైపు వేసినా మధ్యలో తడుస్తూనే ఉంటే సంచి మొండిగా నొక్కుతోందని అర్థం. ఆక్సీబ్యూటినిన్, సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మందులు దాన్ని శాంతపరుస్తాయి. మొదటి రెండింటికీ నోరు ఎండిపోవడం, మలబద్ధకం ఉంటాయి. మందు వాడితే సంచి నొక్కడం తగ్గుతుంది కాబట్టి యూరిన్ ఇంకా ఎక్కువ నిలుస్తుంది, అందుకని మందు ఉన్నచోట పైపు ఉండి తీరాలి, ఈ రెండింటినీ విడదీయొద్దు. మందులు చాలకపోతే సంచి గోడలోకి బొటాక్స్ ఇంజెక్షన్లు ఇస్తారు, దాని ప్రభావం ఆరు నుంచి తొమ్మిది నెలలు ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఏది ఎవరికో తేల్చేది యూరోడైనమిక్ పరీక్ష, సన్నటి పైపుతో సంచిని నెమ్మదిగా నింపుతూ ఒత్తిడి ఎంత పెరుగుతోందో గ్రాఫ్ తీస్తారు. మీ ఆయనకు ఆ పరీక్ష జరిగినట్టు ఉత్తరంలో లేదు. జరగకపోతే ముందు అడగాల్సింది అదే. జ్వరం, ఇన్ఫెక్షన్ తగ్గాకే చేస్తారు.

కొందరు పొత్తికడుపు మీద పిడికిలితో అదిమితే యూరిన్ వస్తుందని, తొడ మీద తట్టి రప్పించుకోవచ్చని చెప్తారు. మీ ఆయన విషయంలో రెండూ వద్దు. కింది కండరం బిగిసి ఉండగా పైనుంచి అదమడం అంటే మీ చేత్తో మీరే యూరిన్‌ని కిడ్నీల్లోకి తోస్తున్నట్టు. కండోమ్ బ్యాగ్ ప్రయాణంలో, పెళ్లికి వెళ్లినప్పుడు బట్టలు తడవకుండా పెట్టుకోండి, తప్పులేదు, కానీ అది పైపుకు బదులు కాదు, పైపుతో పాటు.

యూరిన్ మబ్బుగా ఉంది, వాసన వస్తోంది అని ప్రతిసారీ యాంటీబయాటిక్ మింగించొద్దు. పైపు వాడేవాళ్ల యూరిన్‌లో క్రిములు తరచుగా ఉంటాయి, ఒంట్లో ఇబ్బంది లేనప్పుడు వాటిని మందులతో తరిమితే మొండి క్రిములు తయారవుతాయి, నిజంగా అవసరమైన రోజు మందు పనిచేయదు. ఆయనకు మంట తెలియదు కాబట్టి మీరు చూడాల్సిన గుర్తులు వేరు: చలితో జ్వరం, కాళ్లు ఎగిరిపడడం ఉన్నట్టుండి ఎక్కువ కావడం, కొత్తగా తడవడం, రక్తం, ఆకలి లేకుండా నీరసంగా పడి ఉండడం. అప్పుడు ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు యూరిన్ ఇచ్చి మందు మొదలుపెట్టాలి.

డి6 దగ్గర గానీ, అంతకంటే పైన మెడ వైపు గానీ దెబ్బ తగిలినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇంకో ప్రమాదం ఉంది. సంచి నిండినా, లోపలున్న పైపు మడతపడినా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా ఎర్రబడి చెమటలు పడతాయి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, యూరిన్ ఖాళీ చేయాలి, తగ్గకపోతే అంబులెన్స్. మీ ఆయన దెబ్బ డి8 కాబట్టి ఆ భయం చాలా తక్కువ.

ఇక మీ చివరి ప్రశ్న. పదకొండు నెలలు అయ్యింది, స్పర్శ, కదలిక రెండూ లేవన్నారు. మలద్వారం దగ్గర కూడా స్పర్శ లేదని డాక్టరు పరీక్షించి చెప్తే, తనంతట తాను ఆపుకుని తనంతట తాను పోసే రోజు వస్తుందని నేను చెప్పలేను, చాలా అరుదు. నరాల బలానికి అంటూ ఇంజెక్షన్ల కోర్సులు రాసేవాళ్లకు డబ్బు పోయకండి, ఆ డబ్బు పైపులకు, జెల్లీకి, స్కాన్లకు ఉంచుకోండి. పైపు వేళకు వేసుకుంటూ దశాబ్దాల తరబడి కిడ్నీలు చక్కగా కాపాడుకున్నవాళ్లు, కొట్టు నడుపుతున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు, మీ ఆయన వయసుకు అది ముందున్న దారి. ఏడాదికి ఒకసారైనా కిడ్నీ స్కాన్ తప్పదు, ఇప్పుడు వాపు ఉంది కాబట్టి మొదటిది మూడు నెలల్లోపే చేయించండి. నోటుబుక్కులో రాసిన మూడు రోజుల లెక్క, ఈ రెండు స్కాన్ రిపోర్టులు పట్టుకుని యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి, యూరోడైనమిక్ గ్రాఫ్‌లో ఒత్తిడి ఎంత వచ్చిందో నాకు రాయండి, అది చూశాక మందు సంగతి మాట్లాడదాం.